మాసయ్య బండికి పక్కచక్రాలు

గద్వాల మగ్గాల వీధుల్లో మోటారు సైకిలు ఉన్న ఇళ్లు నాలుగైదుకు మించని రోజుల్లో మాసయ్యకు యెజ్డీ ఉండేది. మెరూన్ రంగు బండి. ఇరుపక్కలా పొడుగ్గా రెండు సైలెన్సర్లు. 1985లో కొత్తగా తెచ్చుకున్నాడు.

పదిహేనో ఏట మగ్గం గుంటలో కాళ్లు పెట్టినవాడు మాసయ్య. ముప్పై దాటాక అందులోంచి లేచి, షావుకారు రామచంద్రయ్య దగ్గర తిరుగుడు పనికి కుదిరాడు. పట్టునూలు, జరీ మూటగట్టుకొని అయిజ, రాజోలి మగ్గాలకు చేర్చాలి. అక్కడ నేసిన చీరలు తెచ్చి షావుకారు ఇంట్లో అప్పజెప్పాలి. నాలుగేళ్లలో ఒక్క చీర తడవలేదు, ఒక్క పోగు మాసిపోలేదు. ఆ బండి చప్పుడు వీధి మొదట్లో వినబడగానే అమృతమ్మ మగ్గం ఆపి పొయ్యి మీద చాయ్ పెట్టేది.

ఆ మనిషికి ఒకటే పిచ్చి. బండి కంపెనీ నుంచి ఎట్లా వచ్చిందో అట్లాగే ఉండాలి. ఒకసారి అద్దం పగిలితే అచ్చం అలాంటిదే దొరికేదాకా నెల రోజులు అద్దం లేకుండానే తిరిగాడు. అమృతమ్మ చీర అంచుల ముక్కలు ఏరి, ముచ్చటపడి సీటుకు కవరు కుట్టింది. అతను దాన్ని మెల్లగా ఊడదీసి, మడతపెట్టి పెట్టెలో దాచాడు. ఆమె రెండు రోజులు మాట్లాడలేదు.

"కోపమెందుకే అమృతా? దానికి సీటు ఉండనే ఉండె గద," అన్నాడు.

అమృతమ్మ తమ్ముడు బాలన్నది ఇటిక్యాల దగ్గర సేద్యం. అతనూ ఒక పాత బండి కొని, పొడుగాటి హ్యాండిలు పెట్టించాడు. సైలెన్సరు సగానికి కోయించాడు. వస్తుంటే బోరు లారీ వచ్చినట్టు చప్పుడు. అదంతా చేసింది పాత బస్టాండు పక్కన షాపున్న ఖాజామియా. మాసయ్య ఆ సంగతి తెలిసిన పొద్దే నేరుగా షాపు ముందు బండి దిగి, పదిమంది వింటుండగా అరిచాడు.

"కంపెనీల పెద్ద సదువులు సదివినోళ్లు లెక్కలేసి చేసిన బండి. నువ్వు రంపం పట్టి కోస్తవా? నువ్వు మిస్త్రీవి కాదు, కసాయోనివి!"

ఖాజామియా గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. నోరు పెద్దది చేసే మనిషి కాదు.

"నీ బండి మీద ఈ జన్మల చెయ్యి వెయ్య, మాసయ్యా. ఖుదా కసమ్," అన్నాడు. అంతే. ఆ తర్వాత ఇద్దరూ ఎదురుపడినా తలలు తిప్పుకొనేవారు.

1989 జనవరిలో ఎర్రవల్లి చౌరస్తాలో ప్రమాదం జరిగింది. మాసయ్య బండిని హోటలు ముందు స్టాండు వేసి, చాయ్ గ్లాసు పట్టుకొని రోడ్డు వారకు వచ్చి నిలబడ్డాడు. మితిమీరి పత్తి బోరాలు ఎక్కించిన లారీ ఒకటి మలుపు తిరుగుతూ ఒరిగింది. పక్క చెక్క విరిగి, బోరాలతో సహా అతని కుడికాలి మీద పడింది. పది అడుగుల దూరంలో యెజ్డీ ఉన్నచోటే ఉంది. ఒక్క గీత పడలేదు.

కర్నూలు దవాఖానలో కాలు మోకాలిపైకి తీసేశారు. రెండు నెలల తర్వాత చంకకర్రలతో ఇంటికి వచ్చేసరికి బండి వసారాలో ఉంది. బాలన్న తెచ్చిపెట్టి గోనెపట్టా కప్పాడు. మాసయ్య ముందుగా పట్టా ఎత్తి బండి చుట్టూ చూశాడు. తర్వాత గోడకు ఆనుకొని కూర్చుండిపోయాడు.

ఆ రెండు నెలల్లో ఇంట్లో ఇంకో సంగతి జరిగింది. పెళ్లయిన తొమ్మిదేళ్లకు అమృతమ్మ నెల తప్పింది. కర్నూలులో ఉన్నన్నాళ్లు ఆమె ఆ మాట చెప్పలేదు. ఇంటికి వచ్చిన మూడో రోజు చెప్పింది. మాసయ్య ఆమె చెయ్యి పట్టుకున్నాడు. తొమ్మిదేళ్లు ఎదురుచూసిన మాట అది. వినగానే అతనికి భయమే వేసింది.

ఇంట్లో మగ్గం ఉంది కదా, బతుకు ఎట్లాగైనా వెళ్లదీయవచ్చు అనుకున్నాడు. ఒక పొద్దున అమృతమ్మ నీళ్లకు పోయినప్పుడు, పాకుతూ వెళ్లి గుంటలోకి దిగాడు. మగ్గానికి కింద తొక్కే చెక్కలు రెండు. ఒకటి తొక్కితే సగం పోగులు లేస్తాయి, రెండోది తొక్కితే మిగతా సగం. ఎడమకాలితో ఒకటి తొక్కాడు. అదే కాలిని రెండోదాని మీదికి జరిపేసరికి పోగులు జారిపోయాయి. కుడితొడ మొండి ఎగిరి ఎగిరి పడుతోంది, లేని పాదం కోసం వెతుక్కుంటున్నట్టు. పది పోగులు తెగేదాకా ప్రయత్నించాడు. అమృతమ్మ బిందెతో వచ్చేసరికి తెగిన పోగుల్ని ముడివేస్తూ ఉన్నాడు. గుంటలోంచి పైకి రావడం అతని వల్ల కాలేదు. ఆమె చంకల కింద చేతులు వేసి లాగింది.

ఆ రోజు నుంచి రాట్నం ముందు కూర్చొని, నేతకు కావలసిన నూలును చిన్న గొట్టాలకు ఎక్కించి కండెలు చుట్టాడు. ఆ వీధిలో అది ముసలివాళ్లు చేసే పని. ముప్పై ఆరేళ్ల మగాడు చుడుతుంటే వచ్చేపోయేవాళ్లు చూపు తిప్పుకొని పోయేవారు. అమృతమ్మ పొద్దు పొడిచిన దగ్గర్నుంచి మగ్గం తొక్కేది.

షావుకారు ఒకసారి వచ్చి చూసిపోయాడు. "ఇప్పటికైతె నీ బదులు వెంకటన్న బస్సు మీద తిరుగుతుండు మాసయ్యా. నువ్వు బండెక్కిన నాడు రా. నీ పని నీదే," అన్నాడు. మాసయ్య ఆ మాటను ఆసరాగా పట్టుకున్నాడు. కానీ బండెక్కడం ఎట్లా? వెనక బ్రేకు కుడికాలి కింద ఉంది. ఆ కాలే లేదు.

బాలన్న వచ్చి, "బావా, నాకియ్యరాదు? దుమ్ము పట్టుకుంట ఎన్నాళ్లుంచుతవ్?" అని అడిగాడు.

"నువ్వు తీస్కపోయి ఏం చేస్తవో నాకు తెల్వదా? నేను సచ్చినంక తీస్కపో."

బాలన్న చిన్నబుచ్చుకొని పోయాడు. అప్పుడు అమృతమ్మ నోరు విప్పింది. వనపర్తిలో పోలియో వచ్చిన సారు ఒకాయన స్కూటరుకు పక్కచక్రాలు పెట్టించుకొని రోజూ బడికి పోతున్నాడట. బ్రేకు చేతికి వచ్చేట్టు మార్చారట. ఖాజామియాకు ఆ పని తెలుసట.

"బండిని కోయిస్తనా?" అన్నాడు మాసయ్య. "కుంటోని బండి చేపిస్తనా దాన్ని? నా కండ్ల ముందట దాన్ని కోస్తుంటె చూస్తనా?"

పోగుల మధ్య అటూ ఇటూ తోసే నాడె అమృతమ్మ చేతిలో అట్లాగే ఆగింది. ఆమెకు ఐదో నెల. కాళ్లు వాచి ఉన్నాయి.

"బండి ఎట్లొచ్చిందో గట్లనే ఉండాలె అంటవ్. నువ్వు ఎట్లొచ్చినవో గట్లనే ఉన్నవా? నిన్ను కొయ్యలేదా? కోసినంక నేనేమన్న నిన్ను వద్దంటినా?"

మాసయ్య తల వంచుకొని రాట్నం తిప్పసాగాడు. నెల రోజులపాటు ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. బండి మీది గోనెపట్టాను మాత్రం అతను రోజూ తీసి, ట్యాంకు తుడిచి, మళ్లీ కప్పేవాడు.

జూన్ నెల మొదట్లో, ఇంకా వాన పడలేదు. మిట్టమధ్యాహ్నం. వీధిలో మగవాళ్లంతా చేనేత సొసైటీ మీటింగుకు పోయారు. ఆడవాళ్లు తలుపులు దగ్గరగా వేసుకొని పడుకున్నారు. మగ్గం చప్పుడు ఆగింది. మాసయ్య తల ఎత్తి చూసేసరికి అమృతమ్మ గుంటలోనే పక్కకు ఒరిగి ఉంది. చీర కింద నుంచి నెత్తురు మట్టిలోకి ఇంకుతోంది.

అతను కేకలు వేశాడు. ఎవరూ రాలేదు. ఆమె కళ్లు తెరిచి, "దవాఖాన..." అంది.

దవాఖాన మైలు దూరం. బండి మూడు గజాల దూరం. మాసయ్య చంకకర్రలు పారేసి, గోడ పట్టుకొని బండి దగ్గరికి కుంటుకుంటూ పోయాడు. పట్టా లాగేశాడు. అది పెద్ద స్టాండు మీద ఉంది. దించాలంటే ముందుకు తొయ్యాలి, తోసిన మరుక్షణం రెండు కాళ్ల మీద బరువు ఆపాలి. హ్యాండిలు పట్టుకొని ఒక్క ఊపున తోశాడు. స్టాండు లేచింది. బండి కుడివైపుకు, కాలు లేని వైపుకు ఒరిగింది. అతను దాంతోపాటే కింద పడ్డాడు. ట్యాంకు ఛాతీ మీద, హ్యాండిలు మెడ పక్కన. పెట్రోలు చుక్కచుక్కగా చెవి దగ్గర కారుతోంది. ఆ బరువు కింద నుంచి అతనికి గుంటలో అమృతమ్మ చెయ్యి ఒక్కటే కనబడుతోంది. ఆ చెయ్యి కాసేపు కదిలింది. తర్వాత కదలలేదు.

బండి పడిన చప్పుడుకు పక్కింటి కిష్టమ్మ లేచి వచ్చింది. ఆమె వీధిలోకి పరుగెత్తి రిక్షా తెచ్చింది. అమృతమ్మను తీసుకుపోయారు. మాసయ్య మీది నుంచి బండిని ఎవరో తర్వాత ఎత్తారు. అతను రిక్షా వెనకాల చంకకర్రలతో బయలుదేరి, సగం దూరం పోయి, అరుగు మీద కూలబడిపోయాడు.

అమృతమ్మ బతికింది. బిడ్డ దక్కలేదు. మగబిడ్డ అని నర్సు చెప్పింది.

ఇంటికి వచ్చాక ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. అతన్ని ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేదని మాసయ్య తర్వాత చాలామందితో అన్నాడు. కిష్టమ్మ గంజి తెచ్చి తాగించేది. తొమ్మిదో రోజు పొద్దున్నే మాసయ్య చంకకర్రలు అందుకొని ఇంట్లోంచి బయటపడ్డాడు. పాత బస్టాండు దాకా నడిచాడు. మధ్యలో ఆరు చోట్ల ఆగాడు. ఖాజామియా షాపు ముందుకు వచ్చేసరికి అరచేతులు పొక్కిపోయి, చొక్కా వెన్నంతా తడిసి ఉంది.

ఖాజామియా ఎవరిదో ఇంజను విప్పుతున్నాడు. లేచి నిలబడ్డాడు.

"ఖాజన్నా," అన్నాడు మాసయ్య. "నా బండిని కొయ్యి. ఎక్కడ కొయ్యాల్నో నీ ఇష్టం. నేను బండెక్కాలె."

ఖాజామియా చేతిలోని పానా కింద పెట్టాడు.

"నిన్ను కసాయోడన్న. తప్పయింది. పదిమందిల అన్న, పదిమందిల చెప్తున్న." నిజంగానే షాపు ముందు జనం ఉన్నారు. "నువ్వు ఒట్టు పెట్టుకున్నవ్, ఎరికె. ఏం చెయ్యాల్నో నాకు తెల్వదు. నువ్వు కాదంటె గీడ్నే కూసుంట, ఇంటికి తిరిగి పోయే బలం గూడ లేదు నాకు."

ఖాజామియా స్టూలు జరిపి అతన్ని కూర్చోబెట్టాడు. నీళ్లు ఇచ్చాడు. "ఒట్టు సంగతి నేను అల్లాతో మాట్లాడుకుంట. జర ఊపిరి తీస్కో," అన్నాడు. తర్వాత కొలతపట్టీ తెచ్చాడు. బండి అక్కడ లేనేలేదు. అతను కొలిచింది మాసయ్యను. భుజం నుంచి చెయ్యి ఎంత, ఎడమ మోకాలు ఎంత, కుడితొడ ఎంత మిగిలింది అని రాసుకున్నాడు.

బాలన్న వచ్చి బండిని షాపుకు తోసుకుపోయాడు. ఖాజామియా చెప్పిన పని ఇది: వెనక బ్రేకుకు వైరు తగిలించి, ఎడమచేతి కిందికి ఇంకో లివరు తేవాలి. కిక్కు, గేరు ఎడమవైపే కాబట్టి వాటికి ఫికరు లేదు. ఇరుపక్కలా పాత స్కూటరు చక్రాలు రెండు ఇనుప కమ్మితో ఛాసిస్‌కు వెల్డింగు చెయ్యాలి.

"చక్రాలు వద్దు," అన్నాడు మాసయ్య. ఒక్క అర్జీ పెట్టుకుంటున్నట్టు అన్నాడు. "బ్రేకు మార్చు. చక్రాలు మాత్రం వద్దు."

"ఆగినప్పుడు కుడిపక్కకు ఒరిగితె?"

"ఎడమకాలు ఆనిస్త."

ఖాజామియా బ్రేకు మార్చి, కోట మైదానానికి తోసుకుపోయాడు. మాసయ్యను ఎక్కించి, బండి పట్టుకొని కొంతదూరం పరుగెత్తి వదిలాడు. బండి సాగింది. ఆరు నెలల తర్వాత ముఖానికి గాలి తగిలింది. మాసయ్య గట్టిగా ఏదో అరిచాడు, ఏడుపో నవ్వో తెలియలేదు. చివర తిప్పడానికి వేగం తగ్గించగానే బండి కుడివైపుకు పడింది. లేపారు. మళ్లీ పడింది. నాలుగోసారి తొడ మీద కుట్లు వేసిన చోట చిట్లి నెత్తురు వచ్చింది. ఐదోసారి పడ్డాక అతను లేవలేదు. మట్టిలో పడుకొని ఆకాశం చూస్తూ, "పెట్టు. చక్రాలు పెట్టు," అన్నాడు.

కమ్మి పోవాలంటే సైలెన్సర్లు అడ్డం. రెండింటినీ సగానికి కోయాలి. కోసే పొద్దు ఖాజామియా, "ఇంటికి పో. అయినంక కబురు పంపుత," అన్నాడు. మాసయ్య పోలేదు. స్టూలు మీద కూర్చొని రంపం ఆడుతున్నంతసేపు చూశాడు. కోసిన ముక్కలు రెండూ కింద పడ్డప్పుడు మాత్రం కళ్లు మూసుకున్నాడు. ఖాజామియా ఆగి, భుజం మీద చెయ్యి వేసి, మళ్లీ పనిలో పడ్డాడు.

శ్రావణం వచ్చేసరికి బండి తయారైంది. ఇరుపక్కలా చిన్న చక్రాలు, వెనక చంకకర్రలు పెట్టుకోవడానికి గొట్టం, గరగరమనే కొత్త చప్పుడు. మాసయ్య దాన్ని నడుపుకుంటూ మొదట షావుకారు ఇంటికే పోయాడు. వీధుల్లో జనం అరుగుల మీదికి వచ్చి చూశారు. కొందరు నవ్వారు కూడా. అతను తల వంచలేదు. షావుకారు మాట ఉంది కదా అనే ధైర్యం.

రామచంద్రయ్య గుమ్మంలోంచి బయటికి వచ్చి, బండి చుట్టూ ఒకసారి చూశాడు.

"మంచిగ చేపిచ్చినవ్," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "కని మాసయ్యా, పట్టుచీరలు. వానల్ల బురదల్ల ఈ బండి పడితె? నిన్ను లేపాల్నా, మూటను లేపాల్నా? వెంకటన్నకే అలవాటైంది పని. మనసుల పెట్టుకోకు," అన్నాడు.

"బండెక్కిన నాడు రమ్మంటిరి గద!"

"అంటి. గప్పుడు నీ ముఖం చూసి అంటి."

తలుపు మూయలేదు, కసురుకోలేదు. చాయ్ తాగి పొమ్మన్నాడు కూడా. మాసయ్య తాగలేదు. బండి తిప్పడానికి ఆ ఇరుకు వీధిలో చోటు చాల్లేదు. పక్కచక్రం గుమ్మం మెట్టుకు తట్టుకుంది. షావుకారి పనిమనిషి వచ్చి వెనక నుంచి లాగితే గాని బయటపడలేదు.

ఇంటికి వచ్చి, దిగకుండా సీటు మీదే కూర్చున్నాడు. బిడ్డ పోయె. పని పోయె. బండి కూడా పోయె, ఇప్పుడు దీన్ని యెజ్డీ అనేవాడు లేడు. అదే మాట పైకి అంటూ ట్యాంకు మీద తల ఆనించి పెద్దగా ఏడ్చాడు. కిష్టమ్మ గుమ్మం దాకా వచ్చి చూసి వెనక్కి పోయింది.

అమృతమ్మ మంచం దిగింది. దవాఖాన నుంచి వచ్చాక ఆమె తనంతట తాను లేచి గుమ్మం దాకా రావడం అదే మొదలు. తలుపు పట్టుకొని నిలబడి బండిని చూసింది. అంతా విన్నది.

"అయిజల నువ్వు నూలిచ్చేటి ఎల్లమ్మ మగ్గం ఆగి నాలుగు దినాలాయెనట," అంది మెల్లగా. "పన్నె ఇరిగిందట. బస్సుకొచ్చి కొనుక్కపోవాలంటె ఒక దినం కూలి పోతది. అక్కడోళ్లందరిది అదే పరేషాన్. పన్నెలు, నాడెలు, కండెలు ఇంటికి తెచ్చిస్తమంటె వద్దనేటోళ్లుంటరా?"

మాసయ్య తల ఎత్తాడు. పన్నె అంటే నేసిన పోగును దగ్గరికి కొట్టే దువ్వెన లాంటి సామాను. అది లేకపోతే మగ్గం లేనట్టే. నాలుగేళ్లు ఆ ఊళ్లు తిరిగినవాడికి ఈ సంగతి తెలియక కాదు. పట్టుచీరల మూట తప్ప ఇంకేదీ తన కంటికి ఆనలేదు.

"బురదల పడితె?" అన్నాడు, షావుకారు మాటే.

"పన్నె కడిగితె పోతది," అంది అమృతమ్మ.

రెండు రోజుల తర్వాత నాలుగు పన్నెలు, ఒక సంచి కండెలు కట్టుకొని బయలుదేరాడు. తారురోడ్డు ఉన్నంతవరకు బాగానే పోయాడు. అయిజ ఇంకా రెండు కోసుల దూరం ఉండగా రోడ్డు తెగింది, చేల పక్క బండ్లబాట పట్టాల్సి వచ్చింది. రాత్రి వాన పడిన నల్లరేగడి. ఎద్దుబండ్ల చక్రాలు కోసిన గాళ్లు రెండు లోతుగా ఉన్నాయి. రెండు చక్రాల బండైతే నడిమి గట్టు మీద పోతుంది. ఈ బండి పక్కచక్రాలు రెండూ గాళ్లలోకి దిగాయి. కమ్మి గట్టుకు ఆనింది. వెనక చక్రం గాలిలో ఊరికే తిరిగింది.

దిగి తోయలేడు. చంకకర్ర ఆనిస్తే మూరెడు లోతుకు దిగబడుతుంది. మాసయ్య ఇంజను ఆపాడు. చుట్టూ వేరుశనగ చేలు, మనిషి అలికిడి లేదు. గంట గడిచింది. మబ్బు మళ్లీ కమ్ముకొచ్చింది. అరిచి అరిచి గొంతు పోయింది. బండి కింద పడివున్న ఆ మధ్యాహ్నం గుర్తొచ్చింది. అప్పుడూ ఇట్లాగే, ఎవరన్నా వస్తే గాని కదల్లేడు. ఇక మీదట కూడా ఇంతేనని అప్పుడు పూర్తిగా అర్థమైంది అతనికి. బండి మార్చుకున్నా, మళ్లీ మార్చుకున్నా, ఎక్కడో ఒకచోట ఇంకొకరి చెయ్యి కోసం కూర్చోవాల్సిందే. దాన్ని తలచుకొని ఏడవడానికి కూడా ఓపిక లేక, పన్నెల మీద పట్టా సర్ది, ఊరికే కూర్చున్నాడు.

పొద్దు వాలుతుండగా ఇద్దరు రైతులు ఎడ్లు తోలుకొని వచ్చారు. ఒకరు ముందు, ఒకరు వెనక పట్టి బండిని అమాంతం ఎత్తి గడ్డి మీద పెట్టారు.

"ఏ ఊరన్నా? ఇదేం బండి?" అని అడిగాడు ఒకతను.

"గద్వాల. నా బండే," అన్నాడు మాసయ్య.

ఎల్లమ్మ ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టే వేళ అయింది. ఆమె పన్నెను వెలుతురులో పట్టుకొని చూసి, పళ్లు సరిగ్గా ఉన్నాయని తల ఊపింది. బండి సంగతి ఒక్క మాట అడగలేదు.

"వచ్చే వారం మా చెల్లెకు గూడ ఒకటి కావాలె. జర పెందలాడ రా. గింత పొద్దుపోయినంక వస్తె ఎట్ల?" అంది.

ఆ తర్వాత తొమ్మిదేళ్లు మాసయ్య ఆ ఊళ్లు తిరిగాడు. వానాకాలంలో వారానికి ఒకసారైనా ఎక్కడో దిగబడేవాడు. కొన్నిసార్లు వెంటనే ఎవరో వచ్చి ఎత్తేవారు. కొన్నిసార్లు వాన వెలిసేదాకా ఎవరూ వచ్చేవారు కాదు. వాళ్లకు మళ్లీ పిల్లలు కలగలేదు. అమృతమ్మ ఆ బండి ఎప్పుడూ ఎక్కలేదు. పొద్దున అతను బయలుదేరేటప్పుడు మాత్రం వసారాలోకి వచ్చి, సామాను తాడు గట్టిగా ఉందో లేదో రెండుసార్లు లాగి చూసేది.